పేపర్ వల్ల ఓటు మారుతుందా, ఓటును బట్టి పేపర్ ఎంచుకుంటారా? తేల్చే పద్ధతి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట, ఎంఏ జర్నలిజం చదువుతున్నాను. పత్రికలు, టీవీలు ఓటరు మనసును ఎంతవరకు మారుస్తాయన్నది నా ప్రాజెక్టు.

మన దగ్గర ఈ మాట ఎత్తితే అందరూ 1983 గురించే చెబుతారు. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు అండ, 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం, తొమ్మిది నెలలకే గెలుపు. కానీ చైతన్యరథం మీద ఎన్టీఆర్ ఊరూరా తిరిగారు. సినిమా అభిమానం ఎటూ ఉంది. ముఖ్యమంత్రులను వరసగా మార్చిన కాంగ్రెస్ మీద జనానికి కోపమూ ఉంది. ఇందులో పత్రిక వాటా ఎంతో విడదీసేదెలా?

1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు మీడియా పరిశోధకులు ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లతో మాట్లాడారు. మీడియా ఎక్కువగా చూపించిన అంశాలనే వాళ్లూ ముఖ్యమనుకుంటున్నారని తేల్చారు. అదే పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అన్నది నా పెద్ద అనుమానం. గుంటూరు, బెజవాడల్లో చాలామంది ముందు పార్టీని ఎంచుకుని, తర్వాత దానికి తగ్గ ఛానల్ పెట్టుకుంటారు. రాజధాని వార్త ఒక్కటే అయినా రెండు ఛానళ్లలో రెండు కథలు. అలాంటప్పుడు ఛానల్ మార్చిందేమిటి, ముందే ఉన్న నమ్మకమేమిటి?

సర్వేలు చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: పార్టీ పేరు అడగకుండా మొగ్గు తెలుసుకునే ప్రశ్నలు ఎలా వేయాలి? అలాగే 1982-83 నాటి పాత పేపర్లు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో చూడనిస్తారా? ఈమధ్య వెళ్లినవాళ్లుంటే ఎవరిని కలవాలో, ఫోటోలు తీసుకోనిస్తారో లేదో రాయండి.