1962 నాటి 4వ కోర్, 1971 నాటి 4వ కోర్ ఒకటేనా?

అరండల్‌పేట పాఠకుడు (గుంటూరు):

మా పెదనాన్నగారు సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి, విరమణ తరువాత గుంటూరులో స్థిరపడ్డారు. 1971 యుద్ధంలో తాము 4వ కోర్ కింద త్రిపుర వైపు నుంచి తూర్పు బెంగాల్‌లోకి వెళ్లామని ఆయన చెప్పేవారు. ఈ మధ్య 1962 చైనా యుద్ధం గురించి చదువుతుంటే, అస్సాంలోని తేజ్‌పూర్ కేంద్రంగా ఉండి నెల రోజుల్లోనే నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సేలా కనుమను, బొమ్డిలా పట్టణాన్ని పోగొట్టుకున్నది కూడా 4వ కోరేనని తెలిసింది. తొమ్మిదేళ్లలో అదే సైన్యం ఢాకా దాకా ఎలా వెళ్లగలిగింది? లేక పేరొక్కటే ఒకటా? 1944లో జపాన్ దాడి నుంచి ఇంఫాల్‌ను కాపాడిన 4వ కోర్‌తో దీనికి సంబంధం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

కృష్ణలంక చరిత్రాభిమాని (విజయవాడ):

కోర్ అంటే స్థిరమైన సైనికుల గుంపు కాదండి. అది ప్రధానంగా ఒక ప్రధాన కార్యాలయం, దాని అధికారులు, సిగ్నల్స్, సరఫరా ఏర్పాట్లు. డివిజన్లు (వేలమంది సైనికులుండే పెద్ద దళాలు) అవసరాన్ని బట్టి దాని కిందికి వస్తాయి, పోతాయి. ఇంఫాల్‌లో జనరల్ స్కూన్స్, ఆ తరువాత 1945లో బర్మాలో ఐరావతి నది దాటి మెయిక్తిలా పట్టణాన్ని పట్టుకున్నప్పుడు జనరల్ మెస్సర్వీ నడిపిన 4వ కోర్ బ్రిటిష్ హయాంలోది; యుద్ధానంతరం అది రద్దయింది. మన 4వ కోర్ 1962 అక్టోబరు 4న పుట్టింది.

ఆ తేదీని గమనించండి. చైనా ప్రధాన దాడి మొదలైంది అక్టోబరు 20న. అంటే పదహారు రోజుల వయసున్న కార్యాలయం మీద ఒక సరిహద్దు భారమంతా పెట్టారు. కొత్త కమాండర్ బి.ఎం. కౌల్ అస్వస్థతతో అక్టోబరు 18న ఢిల్లీకి వెళ్లిపోయారు. కొద్ది రోజులు జనరల్ హర్‌బక్ష్ సింగ్ బాధ్యత చూశారు. నెలాఖరుకు మళ్లీ కౌల్ వచ్చారు. అప్పటికే సరిహద్దులోని నామ్‌కా చూ నదీ లోయలో విమానాల నుంచి జారవిడిచే సరుకుల మీద ఆధారపడిన 7వ బ్రిగేడ్ ఒక్క రోజులో చెదిరిపోయి, బ్రిగేడియర్ దాల్వీ శత్రువుకు చిక్కారు. నవంబరు 17 రాత్రి సేలా నుంచి వెనక్కి తగ్గడంతో మిగిలిన రక్షణ కూడా కూలింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ పేరు తెచ్చుకున్న 4వ డివిజనే అక్కడ ఉంది కనుక, లోపాన్ని సిపాయిల్లో వెతకడం అన్యాయం.

మొగల్రాజపురం (విజయవాడ):

పై వివరణకు 1971 భాగాన్ని కలుపుతున్నాను. చైనా కాల్పుల విరమణ ప్రకటించిన తరువాత కౌల్ స్థానంలో 4వ కోర్ పగ్గాలు అందుకున్నది శామ్ మానెక్‌షా. 1971లో సైన్యాధిపతి కూడా ఆయనే. ఏప్రిల్‌లోనే యుద్ధానికి దిగాలన్న ఒత్తిడికి లొంగక, వర్షాకాలం ముగిసి, చైనా కల్పించుకోలేకుండా హిమాలయ కనుమలు మంచుతో మూసుకునే వరకు ఆయన వ్యవధి అడిగారు. ఆ వ్యవధిలోనే త్రిపురలో, అప్పట్లో రైలు మార్గం ధర్మనగర్‌తోనే ఆగిపోయిన ఆ మూలలో, రోడ్లు బాగుచేసి మందుగుండు, ఇంధనం నిల్వ చేశారు. కోర్ కమాండర్ సగత్ సింగ్ కిందికి 8, 23, 57వ మౌంటెన్ డివిజన్లు వచ్చాయి. వాటిలో 8వది నాగాలాండ్ నుంచి, 57వది మిజో కొండల నుంచి దిగినవి. కాబట్టి 1962లో ఓడిన దళాలే 1971లో గెలిచాయని అనడానికి వీల్లేదు.

సగత్ సింగ్‌కు మొదట చెప్పింది ఢాకాకు తూర్పున ఉన్న మేఘన నది వరకు వెళ్లమనే. డిసెంబరు 9న ఆ నది మీద ఆశుగంజ్ దగ్గర ఉన్న రైలు వంతెనను పాకిస్తాన్ దళాలు పేల్చేశాయి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి అవతలి గట్టు చూసినవారికి, వంతెన లేకుండా అలాంటి నదిని దాటడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆయన ఆగలేదు. ఆ రోజే ఎంఐ-4 హెలికాప్టర్లలో 311వ బ్రిగేడ్ సైనికులను అవతలికి చేర్చడం మొదలుపెట్టారు. నీటిలో ఈదగల పీటీ-76 ట్యాంకులు మధ్యలో ఇంజన్లు వేడెక్కి నిలిచిపోతే, నాటు పడవలతో లాగించారు. నా అంచనాలో ఢాకా పతనానికి తలుపు తెరిచింది ఈ ఒక్క నిర్ణయమే. ఇతర రంగాల్లో జరిగినవి కాదు.

అరండల్‌పేట పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 8వ డివిజన్ నాయకుడు తెలుగువారని విన్నాను, నిజమేనా? మా పెదనాన్నగారు ఏ డివిజన్‌లో ఉండేవారో తెలుసుకోవడం ఎలా?

కృష్ణలంక చరిత్రాభిమాని:

నిజమే. ఆ డివిజన్‌ను నడిపిన కె.వి. కృష్ణారావు గారు 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా కూడా ఉన్నారు. తూర్పు బెంగాల్ ఈశాన్య మూలలోని సిల్హెట్ పట్టణం వైపు పోరాటం ఆ డివిజన్‌దే. డిసెంబరు 7న హెలికాప్టర్లలో దిగిన ఒక గూర్ఖా పటాలం, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన శత్రు దళాన్ని ఆ పట్టణంలోనే కట్టిపడేసింది.

పెదనాన్నగారి డిశ్చార్జ్ పుస్తకంలో ఫీల్డ్ రెజిమెంట్ (ఆయన పనిచేసిన ఫిరంగి పటాలం) సంఖ్య రాసి ఉంటుంది. అది లేకపోతే ఆయన సర్వీస్ నంబరుతో నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు లేఖ రాయండి. దరఖాస్తు విధానం గుంటూరులోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. రెజిమెంట్ తెలిస్తే, అది 1971లో ఏ డివిజన్ ఫిరంగి బ్రిగేడ్‌లో ఉందో వెతకడం కష్టం కాదు. సంఖ్య దొరికాక ఇక్కడ రాయండి, చూద్దాం.