ఇంటి కాటా 27 అంటుంది, జిమ్ మిషన్ 29.5 అంటుంది. కొవ్వు శాతం ఏది నమ్మాలి?

వైట్‌ఫీల్డ్_వాసి:
వయసు 34, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 69 కిలోలు. ఇంట్లో నిలబడి చూసుకునే స్మార్ట్ కాటా పొద్దున 27 శాతం కొవ్వు చూపిస్తుంది, అదే రోజు రాత్రి 24. అపార్ట్‌మెంట్ జిమ్‌లో చేతులతో కూడా పట్టుకునే మిషన్ ఉంది, అది 29.5 అంటోంది. డెక్సా స్కాన్ (ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు, కండ, ఎముక కొలిచేది) చేయించుకుంటే తేలుతుందా? నడుము 93 సెంటీమీటర్లు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, రాత్రి ఆంధ్రా మెస్ పార్సిల్. రాత్రి తిండి మానేస్తే చాలా?

ఇంకొకటి. ఇక్కడే బెంగళూరు బీటీఎంలో పీజీలో ఉండే మా చెల్లి (21 ఏళ్లు, 160 సెంటీమీటర్లు) ఆర్నెల్లలో 58 నుంచి 47కి వచ్చింది. రోజుకు ఒక పూటే తింటుంది, అదీ సలాడ్. నన్నూ అదే చేయమంటోంది. మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదట, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) అయ్యుంటుందని అమ్మ అంటోంది. ఆ డైట్ నాకు పనికొస్తుందా?

కొలత_టేపు:
ఆ మిషన్లేవీ కొవ్వును కొలవవండి. ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, అది ఎంత అడ్డుకుంటుందో చూస్తాయి. కండలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డు నుంచి నీరెంతో అంచనా వేసి, మీరు కొట్టిన వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి ఒక ఫార్ములాలో వేసి కొవ్వు శాతం చెప్తాయి. రాత్రంతా నీళ్లు తాగరు కాబట్టి పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. మీ 27, 24 తేడా అదే. పైగా పాదాల కాటాలో కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది. పొట్ట సంగతి దానికి పెద్దగా తెలీదు.

వాడాలంటే ఒకే కాటా పట్టుకోండి. నిద్ర లేచి, బాత్రూముకి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, గట్టి నేల మీద (మ్యాట్ మీద వద్దు), ఒట్టి కాళ్లతో ఎక్కాలి. ముందురోజు రాత్రి మందు కొట్టినా, భారీగా వర్కౌట్ చేసినా ఆ రీడింగు వదిలేయండి. వారంలో మూడు రోజుల సగటు రాసుకుని, నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ కాటా ఎక్కకూడదు. డెక్సా వీటికంటే చాలా నయం, కానీ మీరు చేయాల్సిన పని దానివల్ల మారదు. డబ్బు దండగ.

జయనగర్_నాలుగో_బ్లాక్:
మీ పోస్టులో పనికొచ్చే అంకె 93. ఎలా కొలిచారు? ప్యాంటు సైజు చెప్తే కుదరదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కోవద్దు, టేపు చర్మంలోకి దిగకూడదు. మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ఎత్తులో సగం దాటకూడదన్నది ఇంకో లెక్క, మీకు అది 85.

మీ బీఎంఐ (కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది) 23.9. ప్రపంచమంతటికీ పెట్టిన 25 గీతకు లోపలే ఉన్నారు, భారతీయులకు పెట్టిన 23 గీత దాటారు. ఈ రెండో గీత ఎందుకంటే: పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్‌లో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. చూడ్డానికి సన్నగా ఉండి పొట్ట లోపల కొవ్వు పేర్చుకోవడం మనవాళ్ల తీరు. డెక్సా డబ్బుతో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు), ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష) చేయించుకోండి, బీపీ చూపించుకోండి.

మెస్_పార్సిల్:
రాత్రి తిండి మానేసినవాడు పదిన్నరకి ఆకలికి తాళలేక బిర్యానీ ఆర్డర్ పెడతాడు. ఎక్కడ కోయాలో చూసి కోయండి.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. రోజుకు 500 తగ్గిస్తే వారానికి అర కిలో, తర్వాత ఆ వేగం మందగిస్తుంది. మెస్ పార్సిల్‌లో ఆ 500 అన్నంలో కంటే నూనెలోనే ఎక్కువ దొరుకుతుంది. పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు. పులుసు పైన తేలే నూనె వంచేయండి, వేపుడు సగం పక్కన పెట్టండి, కందిపొడిలోకి నెయ్యి చిన్న చెంచాతో కొలిచి వేసుకోండి (45 క్యాలరీలు). చేత్తో ఒంపితే మూడు చెంచాలు పడుతుంది. ఇక్కడి దర్శినిల్లో (నిలబడి తినే టిఫిన్ హోటళ్లు) చౌచౌ బాత్ తీసుకుంటే, ఉప్మాతో పాటు వచ్చే తీపి కేసరి సగం పక్క టేబులుకి సాగనంపండి.

ప్రొటీన్ మామూలుగా కిలో బరువుకి 0.83 గ్రాములు చాలంటారు. బరువు తగ్గేటప్పుడు 1.2 అయినా ఉండాలి, లేకపోతే కండ కరుగుతుంది. మీకు 83 గ్రాములు. రెండు గిన్నెల పప్పు 13, పావు కిలో పెరుగు 8, అన్నం చపాతీల్లో పాతిక, మిగిలినది గుడ్లు (ఒక్కోటి 6), చికెన్, సోయా చంక్స్ (పొడిగా 40 గ్రాములు తూచితే 20). వారంలో రెండు రోజులు బరువులెత్తండి. మొదటి వారం రెండు కిలోలు తగ్గితే పండగ చేసుకోకండి, అందులో ఎక్కువ నీరే. కండలో, కాలేయంలో కూడబెట్టిన పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముతో మూడు గ్రాముల నీరు పోతుంది.

డైరీ_సర్కిల్:
అందరూ అన్నగారి పొట్ట గురించే మాట్లాడుతున్నారు. ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి.

58లో 11 పోయాయంటే 19 శాతం. బీఎంఐ ఇప్పుడు 18.4, మామూలు హద్దుకి చిటికెడు కింద. అందుకే అందరికీ "భలే సన్నబడింది" అనిపిస్తోంది. ఉన్న బరువు కంటే పోయిన వేగం ప్రమాదం. ఒంటికి చాలినంత తిండి అందకపోతే మెదడు అండాశయాలకు సంకేతాలు ఆపేస్తుంది, నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి. దీన్ని పీసీఓఎస్ అనుకుంటే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, "ఇంకా బరువు తగ్గు" అంటారు. రెండు, హార్మోను మాత్రలిస్తారు, నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది, రోగం దాని చాటున ఉండిపోతుంది.

గమనించాల్సినవి: ఎప్పుడూ చలి అనడం, జుట్టు ఊడటం, చేతుల మీద సన్నటి నూగు, లేవగానే కళ్లు తిరగడం, కూర్చున్నప్పుడు నాడి 50 కంటే తక్కువ. తిన్న వెంటనే బాత్రూముకి వెళ్లడం, వేళ్ల కణుపుల మీద కాయలు, చెవుల కింద బుగ్గల వాపు ఉంటే వాంతి చేసుకుంటోందేమో చూడాలి. వాంతులతో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఎప్పుడూ తిండి గురించే ఆలోచించడం, మెతుకు మెతుకు విడదీసి తినడం మొండితనం కాదు. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టి చూశారు. వాళ్లూ వంటల పుస్తకాలు పోగేసుకుని కూర్చున్నారు.

ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్, థైరాయిడ్ చూడాలి. అన్నీ నార్మల్ వచ్చినా ఏమీ లేదని కాదు. మీకు అక్కర్లేని డెక్సా ఆమె ఎముకలకు అవసరం పడొచ్చు.

అమ్మ ఊరి నుంచి వచ్చి ముద్దపప్పూ నెయ్యీ కుక్కి పెట్టడం మొదలుపెట్టకూడదు. ఇంత బరువు పోయాక ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఎగసి రక్తంలోని ఫాస్ఫేట్‌ని కణాల్లోకి లాగేస్తుంది. గుండెకు ముప్పు. డాక్టరు రక్తపరీక్షలు చూస్తూ, థయమిన్ (బీ1 విటమిన్) ఇచ్చి, మెట్లు మెట్లుగా పెంచుతారు. ఇది తిండికి సంబంధించిన మానసిక రుగ్మత కావచ్చు, కాబట్టి హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఆసుపత్రి మానసిక వైద్య ఓపీడీకి వెళ్లొచ్చు. ముందు మాట్లాడి చూడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా, చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

వైట్‌ఫీల్డ్_వాసి:
భయం వేసింది. సైకియాట్రిస్ట్ అంటే రాదు. గైనకాలజిస్ట్ అయితే వస్తానంటోంది.

డైరీ_సర్కిల్:
అక్కడికే తీసుకెళ్లండి, తలుపు ఏదైతేనేం. కాగితం మీద మూడు విషయాలు రాసివ్వండి: నెలవారీ బరువు, చివరి నెలసరి తేదీ, నిన్న తిన్నదంతా. పడుకోబెట్టి, నిలబెట్టి నాడీ బీపీ చూడమనండి. దారిలో బరువు మాట ఎత్తకండి, "నీకు చలేస్తోంది, కళ్లు తిరుగుతున్నాయంటున్నావు, అది చూపిద్దాం" అనండి, చాలు. ఆమె మీ ఇంటికొచ్చేలోపు ఆ స్మార్ట్ కాటాని బీరువా పైకెక్కించండి.