అప్‌డేట్: విఎఫ్‌ఓలో తెరుచుకునే రిపీటర్ మెమరీ ఛానెల్‌లో పలకకపోవడం - పరిష్కారమైంది

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య మళ్లీ క్లుప్తంగా: హ్యాండీలో (చేతిలో పట్టుకునే హ్యామ్ రేడియో సెట్) 145.700 మెగాహెర్ట్జ్ రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) విఎఫ్‌ఓలో (ఫ్రీక్వెన్సీ నేరుగా కొట్టే మోడ్) బాగానే తెరుచుకునేది, ఛానెల్ 21లో సేవ్ చేస్తే వినపడేది గానీ పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"పీటీటీ నొక్కి డిస్‌ప్లే చూడండి" అన్న సలహాతోనే దొరికింది. నొక్కినప్పుడు 145.100 కనిపించాలి, కానీ 145.700 అలాగే ఉండిపోయింది. అంటే ఆఫ్‌సెట్ (రిసీవ్, ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) మెమరీలోకి ఎక్కనేలేదు. ఈ సెట్‌లో కీప్యాడ్‌తో సేవ్ చేస్తే ఒకే ఛానెల్‌లో రెండుసార్లు సేవ్ చేయాలట.

చేసింది ఇదీ: ముందు పాత ఛానెల్ 21 డిలీట్ చేశాను (డిలీట్ చేయకుండా పైన సేవ్ చేస్తే కుదరదు). పై లైన్ విఎఫ్‌ఓలో 145.700, మైనస్ షిఫ్ట్ (ట్రాన్స్‌మిట్ కింది ఫ్రీక్వెన్సీలో), ఆఫ్‌సెట్ 600 కిలోహెర్ట్జ్, రిపీటర్‌ను తెరిచే ట్రాన్స్‌మిట్ టోన్ 88.5 హెర్ట్జ్ పెట్టి 21లో సేవ్. తర్వాత రివర్స్ కీతో 145.100 తెప్పించి, మళ్లీ అదే 21లో సేవ్. సెట్ మొదటిసారి రిసీవ్, రెండోసారి ట్రాన్స్‌మిట్ అని పలికింది. వెంటనే రిపీటర్ తెరుచుకుంది.

టోన్, యాంటెన్నా, బ్యాటరీ, పవర్ లెవెల్, వీటికి ఈ సమస్యతో సంబంధమే లేదు. రిసీవ్ టోన్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి, అది ఆన్‌లో ఉండి రిపీటర్ టోన్ తిరిగి పంపకపోతే అసలు ఏమీ వినపడదు.