మడవా? మరవా?

కోవూరు: మా తాత పొలంలో అనే మాట సగమే గుర్తుంది: “మడవ తిప్పినోడిదే...” తర్వాత ఏముందో పోయింది. అసలు అది మడవా, మరవా? డిప్లొమా పిల్లలకు రౌటర్ల మీద తెలుగులో నోట్స్ రాస్తున్నా, మొదటి వాక్యంగా పెడదామని.

ఆత్మకూరు మాస్టారు: మడవే, మడిలోకి నీళ్లు తిప్పే గండి. మరవ అంటే అనంతపురం వైపు చెరువు నిండితే పొర్లే చోటు. మనకది కలుజు. డకారం రకారమైతే నీళ్లు మడిలోకి కాదు, వాగులోకి పోతాయి.

కందుకూరు: అక్షరం సరే, అర్థం కుదరదు. మడవ ఒకే పొలంలో ఈ మడికీ ఆ మడికీ నీళ్లు పెడుతుంది. అది స్విచ్ పని, ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లను కలపడం. రౌటర్ వేర్వేరు నెట్‌వర్కుల్ని కలుపుతుంది. ప్యాకెట్ (డేటా ముక్క) చేరాల్సిన ఐపీ అడ్రసు చూసి, రూటింగ్ టేబుల్లో (దారుల పట్టికలో) ఎటు పంపాలో తేల్చుకుంటుంది. తూము అనండి.

మాస్టారు: తూము ఏం తేల్చుకుంటుంది నాయనా? ఎత్తితే వదులుతుంది, దించితే ఆపుతుంది. అది ఫైర్‌వాల్.

కోవూరు: ఇంట్లో డబ్బాలో రౌటర్, స్విచ్, వైఫై యాక్సెస్ పాయింట్ మూడూ ఉంటాయి, దానికి మడవ చాలు. నాకు పేర్లు కావాల్సింది కోర్ రౌటర్‌కి, ఎడ్జ్ రౌటర్‌కి. మొదటిది సంస్థ సొంత నెట్‌వర్కు నడిమధ్య భారీ ట్రాఫిక్ మోసేది. రెండోది అంచున కూర్చుని, బీజీపీ అనే పద్ధతిలో పక్క నెట్‌వర్కులతో దారులు చెప్పుకునేది.

మాస్టారు: ఎడ్జ్‌కి పొలిమేర రౌటర్ అనొచ్చు. కోర్ అంటే సంగం నుంచి కనిగిరి జలాశయానికి వచ్చే కాలువ (నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి కనిగిరి, ఒంగోలు వైపు కనిగిరి కాదు). తిక్కన ఊరివాళ్లం, మాటలకు కరువా?

అద్దంకి: తిక్కన సరే, అసలు రౌటర్ ఎర్రన. భారతంలో నన్నయ వదిలిన అరణ్యపర్వశేషాన్ని నన్నయ ధోరణిలో ఎత్తుకుని తిక్కన ధోరణిలో దించాడంటారు. రాసింది తానే, అంకితం మాత్రం నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికి. ఇంటి రౌటర్ చేసే న్యాట్ ఇదే: లోపలి అడ్రసు దాచి బయటి అడ్రసు వేయడం.

కందుకూరు: అద్దంకి 2022లో బాపట్ల జిల్లాకు పోయింది కదన్నా.

అద్దంకి: కందుకూరు నెల్లూరుకు పోలేదా? అప్పుడు రెండూ ఒకేసారి కదిలాయి.

మాస్టారు: న్యాట్ ఒప్పుకోను. చివర తన పేరు చెప్పుకునే ముగించాడు. ఆయన హరివంశం సంగతి సరేసరి, అంకితం నేరుగా తన రాజు ప్రోలయ వేముడికే.

కోవూరు: ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ప్యాకెట్ టీటీఎల్ (ఇంకెన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్‌ని పారేస్తారు. నా ప్రశ్నది సున్నాకొచ్చింది.

అద్దంకి: ఆగు అబ్బాయ్. మాస్టారూ, పేరు చెప్పుకున్న చోటే “తద్రచనయకాన్” అన్నాడుగా?

మాస్టారు: అన్నాడు. నన్నయ రచన లాగా అనా, నన్నయ రచనగానే అనా? ఆ “కాన్” సంగతి తేల్చి అప్పుడు న్యాట్ అనండి.