అప్‌డేట్: మిషనరీ దంపతుల చివరి రెండు రోజులు

మూడు వారాల పరిచర్యకు మా సంఘానికి వచ్చిన మిషనరీ దంపతులను తిరుగు ప్రయాణానికి ముందు ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుందని నేను అడిగినప్పుడు చాలామంది మెదక్ చర్చి పేరే చెప్పారు. మీ అందరికీ హృదయపూర్వక వందనాలు. కరువుతో అల్లాడుతున్న జనానికి పనీ అన్నమూ కల్పిస్తూ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని చెప్పగా, వారు చాలాసేపు మౌనంగా నిలబడిపోయారు. రంగుటద్దాల కిటికీల అందం పగటి వెలుగులోనే తెలుస్తుంది కనుక పొద్దుండగానే చేరుకోమన్న మీ సలహా ఎంతో మేలు చేసింది.

ఆదివారం వీడ్కోలు కూడికలో మా సంఘపు అవ్వ ఒకరు గోంగూర పచ్చడి సీసాను పాత చీర ముక్కలో చుట్టి అమ్మగారి చేతిలో పెట్టి, ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. మరునాడు శంషాబాద్ విమానాశ్రయంలో అయ్యగారు తెలుగులోనే "వందనాలమ్మా, మళ్లీ వస్తాం" అన్నప్పుడు నాకు మాట రాలేదు.