మోకాలి నొప్పి తగ్గట్లేదు, ఎక్స్‌రే నార్మల్. పరుగు మానేయాలా?

కోరాపుట్ రన్నర్:
నమస్కారం. విసుగొచ్చి రాస్తున్నాను. పొద్దున్నుంచి ఫోన్‌లో ఇదే వెతుకుతున్నాను, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. మొదట్లో బాగానే ఉంటుంది, కాస్త దూరం వెళ్ళాక మోకాలు పట్టేస్తుంది. ఆగితే తగ్గుతుంది, మళ్ళీ పరుగెత్తితే వస్తుంది. వాపు లేదు. ఎక్స్‌రే నార్మల్ అని నొప్పి మాత్రలు రాసి పంపేశారు. ఫిజికల్ టెస్టు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

రాయగడ అన్న:
తమ్ముడూ, తిండి సంగతి చూసుకో. మన కొండ ఊళ్ళలో పొద్దున్నే మండియా అంబలి, అదే రాగి అంబలి, తాగేవాళ్ళం. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. ఇప్పటి పిల్లలు టీ, బిస్కెట్‌తో పరుగెత్తితే ఎముకలు ఎలా ఆగుతాయి?

జయపురం ఫిజియో:
నొప్పి ముందా, బయటి పక్కా? ఎక్కడ పరుగెత్తుతున్నారు?

బరంపురం:
గుజ్జు అరిగుంటుంది. మా మామయ్యకీ ఇలాగే మొదలైంది.

జయపురం ఫిజియో:
మామయ్య వయసు వేరు, ఈ అబ్బాయి వయసు వేరు.

బరంపురం:
ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు కదండీ. నార్మల్ అంటే అరగలేదని ఎలా చెబుతారు?

జయపురం ఫిజియో:
గుజ్జు కనబడదు, నిజమే. బాగా అరిగితే ఎముకల మధ్య సందు తగ్గినట్టు తెలుస్తుంది. ముందు అతన్ని జవాబు చెప్పనివ్వండి.

కోరాపుట్ రన్నర్:
బయటి పక్క. జయపురం వైపు ఘాట్ రోడ్డులో. కోరాపుట్‌లో ఇంకెక్కడ పరుగెత్తుతాం? ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడే.

జయపురం ఫిజియో:
అదీ విషయం. తుంటి నుంచి తొడ బయటి పక్కగా మోకాలి కింది దాకా ఐటీ బ్యాండ్ అనే గట్టి పట్టీ ఉంటుంది. మోకాలు 30 డిగ్రీల దాకా వంగినప్పుడు అది అక్కడి ఎముకను ఒత్తుతుంది. దిగేటప్పుడు ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఇది ఎక్స్‌రేలో కనబడేది కాదు. చూడకుండా ఖాయం చేయలేను గానీ మీరు చెప్పేది దానికే సరిపోతోంది.

కొన్ని వారాలు దిగుడు పూర్తిగా ఆపండి. చదునైన మైదానంలో, నొప్పి మొదలవకముందే ఆగిపోయేంత దూరమే పరుగెత్తండి. అడుగులు చిన్నవిగా, త్వరగా వేయండి. పక్కకు పడుకుని పైకాలు ఎత్తి దించే వ్యాయామం చేస్తే తుంటి కండరాలు గట్టిపడతాయి. మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దు, నొప్పి తెలియక ఇంకా చెడగొట్టుకుంటారు. వాపు వచ్చినా, మోకాలు ఇరుక్కుపోయినా, కాలు ఉన్నట్టుండి జారిపోతున్నా వెంటనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రాయగడ అన్న:
వ్యాయామం సరే, అంబలి కూడా రాయండి.

బరంపురం:
ఐటీ బ్యాండ్ అంటే నరమా?

జయపురం ఫిజియో:
నరం కాదు.

కోరాపుట్ రన్నర్:
సరేనండి, రేపట్నుంచి గ్రౌండ్‌కే వెళ్తాను. థ్యాంక్స్.

సునాబెడ:
నాకు మోకాలి చిప్ప ముందు నొప్పి, మెట్లు దిగితే ఎక్కువ. ఇదీ అదేనా?