కందిపప్పు ఎన్ని విజిల్స్ పెట్టినా ఉడ్కుతలేదు, తప్పు నాదా నీళ్లదా?

పానగల్_కొత్తకోడలు

అక్కలూ అన్నలూ, చిన్న ముచ్చటే గాని ఇంట్ల రోజూ ఇదే పంచాయితీ అయితుంది, అందుకే అడుగుతున్న. మా అమ్మోళ్లది మంచిర్యాల దిక్కు. పెండ్లయి ఆరు నెలలైంది, ఇక్కడ నల్లగొండల పానగల్ రోడ్డు దిక్కు కిరాయికి ఉంటున్నం. మొన్న జూన్‌ల అత్తమ్మ మామయ్య కూడా ఊరి నుంచి మా దగ్గరికే వచ్చిన్రు. వంట నేనే చేస్త, అన్నీ మంచిగనే కుదురుతయి, ఒక్క పప్పు తప్ప.

అమ్మోళ్లింట్ల నాలుగు విజిల్స్‌కి మెత్తగ అయ్యేది. ఇక్కడ నాలుగు కాదు ఎనిమిది పెట్టిన, నిన్నయితే లెక్క మర్చిపోయి పదో పదకొండో అయినయి, మూత తీస్తే నీళ్లు ఒక దిక్కు పప్పు ఒక దిక్కు. పప్పుగుత్తితోని ఎంత మెదిపినా గింజ గింజనే ఉంటుంది, చారుల తేలుతుంటే మామయ్య ఏమనరు గాని ఒక్కొక్క గింజ పళ్లెం అంచుకి నెట్టి పెడ్తరు, అది చూస్తే నాకు అనకపోయినా అన్నట్టే ఉంటది. అత్తమ్మ మాత్రం అననే అన్నది, "మా ఊర్ల నేను కట్టెల పొయ్యి మీదనే మెత్తగ చేసేదాన్ని, నీకు కుక్కర్ ఉండి కూడా చేతనైతలేదా" అని. గ్యాస్ కూడా నెల రాకముందే అయిపోతుంది.

కుక్కర్ పాతది అనుకొని గాస్కెట్ మార్చిన, ఏం ఫాయిదా లేదు. మేం వాడేది ఓనర్ బోరు నీళ్లే, తాగనీకి మాత్రం క్యాన్ తెప్పించుకుంటం. బాత్రూంల నల్లాలకి తెల్లగ సున్నం లెక్క పడ్తుంది, బకెట్ ఎంత తోమినా అంతే. దానికీ పప్పుకీ ఏమన్న సంబంధం ఉందంటరా? మా ఆయన్ని అడిగితే "నీళ్లు నీళ్లే గదా" అన్నడు.

గల్లీ_కిరాణం

చెల్లె, నీళ్ల దాక ఎందుకు, ముందు పప్పు చూడు. మాది కిరాణం షాపే కాబట్టి చెప్తున్న, మా మీద మేమే చెప్పుకున్నట్టు అయితది గాని, పాత స్టాక్ పప్పు ఎంత ఉడకబెట్టినా ఉడకదు. ఎండకాలం అంతా వేడి గోదాముల పడి ఉన్న బస్తా అయితే గింజ లోపలికి నీళ్లే పట్టవు. లూజ్ పప్పు తెస్తున్నవా ప్యాకెట్టా? ప్యాకెట్ అయితే తారీఖు చూడు. వేరే షాపుల పావు కిలో తెచ్చి చేసి చూడు, పావు కిలోతోని పోయేదేముంది. ఇంకోటి, నీళ్లు మరిగినంక పప్పు వేస్తున్నవా ముందే వేస్తున్నవా?

దేవరకొండ_అక్క

నాకు ఒక్కటి చెప్పు బిడ్డా, పప్పుల ఏమేం వేసి విజిల్ పెడ్తున్నవ్? ఇప్పటి పిల్లలు టైం లేక అన్నీ ఒక్కసారే వేసి మూత పెడ్తరు, పప్పు, టమాట, పచ్చిమిర్చి, ఉప్పు, పైకెల్లి చింతపండు రసం. పులుపు తగిలిందంటే పప్పు ఇంక మెత్తవడదు. నేను పుంటికూర పప్పు చేసేటప్పుడు ఎప్పుడూ పప్పు వేరే, పుంటికూర వేరే. పప్పు మెదిపినంకనే కలుపుత. ఒకసారి తొందరల రెండు కలిపి పెట్టిన, దేవుడా, ఆ రోజు మా ఇంటికి ఆడబిడ్డలు వచ్చిన్రు, ఇంక చూస్కో.

అయినా నీకు ఒకటి అడగాలె, మీ అత్తమ్మ ఊర్ల ఏ నీళ్లు వాడేది? గది కనుక్కో ముందుగాల.

పానగల్_కొత్తకోడలు

అక్కా, టమాటలు కలిపి పెట్టేదాన్నే, నిజం చెప్తున్న. మొన్నటి నుంచి మానేసిన, జర నయమే గాని పూర్తిగ పోలేదు. కిరాణం అన్నా, రెండు షాపుల పప్పు మార్చిన, రెండూ అంతే, ప్యాకెట్‌ది తారీఖు కూడా మంచిగనే ఉంది. పప్పు చల్లనీళ్లల్లనే వేస్త, పది నిమిషాలు నానబెడ్త.

అత్తమ్మని అడిగిన. ఊర్ల చేదబావి నీళ్లట, "తియ్యగుండేవి" అన్నది. ఇదే గిప్పుడు నాకు తట్టింది, అత్తమ్మ వచ్చినంక ఇక్కడ ఒక్కసారి కూడా పప్పు చేయలేదు, నేనే చేసిన.

మిర్యాలగూడ_సైన్సుసార్

అమ్మా, ఆఖరి వాక్యంల నువ్వే జవాబు రాసినవ్. ఇల్లు మారింది, నీళ్లు మారినయి, వంట చేసే మనిషి మారింది, మూడూ ఒక్కసారే మారినయి. ముగ్గుర్ల ఎవరిది తప్పంటే ఇంట్ల కొత్తగ వచ్చిన మనిషి మీదనే పడ్తది, అది లోకం తీరు.

నేను రిటైర్డ్ టీచర్‌ని, కొంచెం క్లాసు చెప్పినట్టు ఉంటది, ఏమనుకోకు. మీ నల్లాల మీద తెల్లగ పడేది చాలమటుకు క్యాల్షియం కార్బొనేటే. బోరు నీళ్లల్ల క్యాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటయి, వాటినే కఠిన జలం అంటం. పప్పు గింజల కణాలని పట్టి ఉంచేది పెక్టిన్ అని ఒక పదార్థం. ఉడికేటప్పుడు అది కరిగితేనే గింజ విడిపోయి మెత్తవడ్తది. నీళ్లల్ల క్యాల్షియం ఎక్కువ ఉంటే పోయి ఆ పెక్టిన్‌ని పట్టుకుంటది, గట్టిపడ్తది, ఇంక నువ్వు పదకొండు విజిల్స్ పెట్టినా ఇరవై పెట్టినా గింజ గింజనే. దేవరకొండ అమ్మ చెప్పిన పులుపు మాట కూడా నిజమే, పులుపుల పెక్టిన్ తొందరగ కరగదు. గల్లీ కిరాణం చెప్పిన పాత పప్పు ముచ్చటా నిజమే. ఏది నీ ఇంట్ల నిజమో పరీక్ష చేస్తే తెలుస్తది.

మూడు చిన్న స్టీలు గిన్నెలు తీసుకో. ఒకే ప్యాకెట్ల నుంచి మూడిట్ల ఒకే కొలత పప్పు, రెండు చెంచాలు చాలు. ఒకదాంట్ల బోరు నీళ్లు, ఒకదాంట్ల క్యాన్ నీళ్లు, మూడో దాంట్ల బోరు నీళ్లే పోసి తినే సోడా రెండు వేళ్లకి అంటినంత. కొలతగ నీళ్లు పోసి మూడూ ఒకే కుక్కర్ల, ఒకే మంట మీద, ఒకేసారి పెట్టు. అప్పుడు కుక్కర్‌దీ కాదు, గాస్కెట్‌దీ కాదు, నీదీ కాదు, నీళ్లది మాత్రమే తేడా. చేసేటప్పుడు మీ అత్తమ్మని పక్కన కూసోబెట్టుకో, ఇది ముఖ్యం.

తాగే నీళ్లకి దేశంల ఉన్న ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపల ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాక ఒప్పుకుంటరు. మన జిల్లాల ఒక్కో బోరు ఒక్కో తీరుంటది, పక్కపక్క ఇండ్లల్ల కూడా తేడా ఉంటది.

కోస్గి_తమ్ముడు

సార్, మస్తు చెప్పిన్రు, మా స్కూల్‌ల మీరుంటే నాకు కెమిస్ట్రీ వచ్చేది 😀 మాది మహబూబ్‌నగర్ దిక్కు, తాండూరు మాకు దగ్గరనే. తాండూరు కందిపప్పుకి 2022ల జీఐ గుర్తింపు, అంటే ఈ పంట ఈ ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది, మా దిక్కు పప్పు తొందరగ ఉడుకుతదని గర్వంగ చెప్తం. అదే పప్పు మా అన్న హైదరాబాద్‌ల కొత్త అపార్ట్‌మెంట్‌కి కొండవోయిండు, ఆడ బోరు నీళ్లే. వదిన ఫోన్ చేసి "మీ పప్పు మోసం" అన్నది. మా అమ్మ మూడు రోజులు మాట్లాడలే. ఆఖరికి నీళ్లే అని తేలింది గాని మా అమ్మ ఇప్పటికీ వదిననే అంటది.

అక్కా, నీ బాత్రూం తెల్ల మరకలకి కిరాణంల నిమ్మఉప్పు దొరుకుతది, వేడినీళ్లల్ల కలిపి గుడ్డ తడిపి నల్లాకి అరగంట చుట్టి పెట్టు, పోతది. మా ఇంట్ల గీజర్ విప్పినప్పుడు లోపల రాడ్డు మీద ఇంత మందం పొర, గుడ్డు పెంకు లెక్క పలకలు పలకలు ఊడింది. యాసిడ్ పోసినంక పైకెల్లి బ్లీచింగ్ పౌడర్ చల్లకు మాత్రం, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది, మా పక్కింటామె దగ్గలేక బయటికి ఉరికింది.

పానగల్_కొత్తకోడలు

సార్, పరీక్ష రేపు చేస్త. మధ్యల ఒక భయం ఉంది. నల్లగొండ అంటేనే మా దిక్కోళ్లు ఫ్లోరైడ్ ఫ్లోరైడ్ అంటరు. మరి పప్పు ఉడకట్లేదంటే ఈ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నట్టా? క్యాన్ వచ్చేదాక బోరు నీళ్లు కాచి వాడుకుంటే సరిపోతదా?

మిర్యాలగూడ_సైన్సుసార్

మంచి ప్రశ్న. రెండూ వేరే వేరే అమ్మా. పప్పు ఉడకపోవడం కాఠిన్యం గుర్తు, ఫ్లోరైడ్ గుర్తు కాదు. ఇంకా తిరకాసు ఏందంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లల్ల చాలసార్లు క్యాల్షియం తక్కువనే ఉంటది, అంటే ఆ నీళ్లల్ల పప్పు మంచిగనే ఉడకొచ్చు. రుచి చూసినా వాసన చూసినా తెలువదు, టెస్ట్ చేపిస్తేనే తెలుస్తది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చేతిల పట్టుకునే టీడీఎస్ మీటర్ ఉంటది సూడు, అది మొత్తం కరిగిన ఉప్పుల సంఖ్య చూపిస్తది గాని అందుల ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

కాచడం అసలు వద్దు ఫ్లోరైడ్‌కైతే. నీళ్లు ఆవిరై పోతయి, ఫ్లోరైడ్ అడుగున మిగిలిపోతది, ఇంకా చిక్కవడ్తది. నాగపూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టిన్రు, దానికి పేరే నల్లగొండ టెక్నిక్, మన ఊరి పేరు గట్ల పుస్తకాలకెక్కింది. అది ఇంట్ల అందాజ మీద చేసేది కాదు, కొలతతోని చేసేది.

కాఠిన్యానికి మాత్రం కాచడం కొంత పనికొస్తది. కాచి చల్లార్చితే అడుగున తెల్లపిండి దిగుతది, పైతేట తీసుకోవాలె. అయినా పప్పుకి పావుగంట గ్యాస్ కాల్చి నీళ్లు కాచుడు ఎందుకు, వంటకి కూడా క్యాన్ నీళ్లో, వస్తే ఇంటింటి నల్లా నీళ్లో పోస్తే అయిపాయె. మీ టౌన్ పక్కనే ఉదయ సముద్రం ఉంది, అందుల కృష్ణా నీళ్లే.

దేవరకొండ_అక్క

సార్ చెప్పింది బాగుంది గాని సోడా ముచ్చట నేను ఒకటి చెప్త, చిటికెడు దాటితే పప్పు సబ్బు వాసన వస్తది, విటమిన్లు కూడా పోతయంటరు. నేను రాత్రే నానవెడ్త, మంచి నీళ్లల్ల. గంతే.

పానగల్_కొత్తకోడలు

అప్‌డేట్. ఆదివారం పరీక్ష చేసిన, అత్తమ్మని స్టూల్ వేసి కూసోబెట్టిన, మామయ్య పేపర్ పక్కకి పెట్టి వచ్చి నిలవడ్డరు. ఐదు విజిల్స్ పెట్టిన. ఆవిరి పోయేదాక అత్తమ్మ రెండుసార్లు "అయిందా" అని అడిగింది.

బోరు నీళ్ల గిన్నెల గింజలు ఉబ్బినయి గాని దేనికదే, ఒకటి తీసి వేళ్ల నడిమిట్ల ఒత్తితే రెండు ముక్కలైంది, లోపల తెల్లగ పిండి పిండి. క్యాన్ నీళ్ల గిన్నె చెంచ పెట్టంగనే కలిసిపోయింది, గుత్తే అక్కర్లేదు. సోడా గిన్నె అన్నిటికన్న మెత్తగ, రంగు జర ముదురు పసుపు, రుచి మాత్రం దేవరకొండ అక్క చెప్పినట్టే, నాలుక మీద ఏందోలా ఉంది.

అత్తమ్మ మూడూ రుచి చూసింది. చానసేపు ఏం మాట్లాడలే. తర్వాత మామయ్యతోని "నేను చెప్పిన గదా ఈడ నీళ్లు మంచిగలేవని" అన్నది. ఎప్పుడు చెప్పిందో నాకైతే తెలువదు, నేనేం అనలే, నవ్వు ఆపుకున్న.

ఇప్పుడు పప్పుకని ఒక బిందె వేరే పెట్టినం. ఇంటింటి నల్లా వచ్చినప్పుడు అత్తమ్మనే కిందికి దిగి పట్టి తెస్తది, ఇంకెవరినీ ముట్టనియ్యదు, మూత మీద పళ్లెం, పళ్లెం మీద రాయి. పప్పు నాలుగు విజిల్స్‌కే అయితుంది, మామయ్య పళ్లెం అంచు ఖాళీగ ఉంటుంది. అందరికి థ్యాంక్స్, సార్‌కి ఇంకొంచెం ఎక్కువ.

ఒక్కటే కొత్త పంచాయితీ. నిన్న పొద్దున బోరు నీళ్లతోని కడిగితే బండికి మరకలు పడ్తున్నయని మా ఆయన ఆ బిందెడు నీళ్లు తీస్కపోయి బండి కడిగిండు. అత్తమ్మ ఇంకా లొల్లి పెడ్తనే ఉంది, ఈసారి మాత్రం నా మీద కాదు.